నాచు నుంచి డీజిల్ వస్తుంది.. మరి బంకు దాకా ఎందుకు రావడం లేదు?

చెరువులో పెరిగే పచ్చటి నాచు నుంచి నూనె తీసి బండ్లు నడపొచ్చన్న మాట వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబ్ వీడియోల్లో ఎప్పటికప్పుడు తిరుగుతూనే ఉంటుంది. ‘ఎకరా చెరువు ఉంటే చాలు, ఏడాదికి వేల లీటర్ల డీజిల్’ అన్నది వాటి సారాంశం. డీజిల్ ఇంజన్‌తో నీళ్లు తోడుకునే రైతుకూ, రొయ్యల సాగులో నష్టపోయి చెరువు ఖాళీగా పెట్టుకున్న ఆసామికీ ఇది ఆశ పుట్టించే మాటే.

ఇందులో అబద్ధం లేదు. నాచులో నూనె ఉంటుంది, దాన్ని డీజిల్‌గా మార్చొచ్చు, ఆ డీజిల్‌తో ఇంజన్ నడుస్తుంది. వీడియోలు వదిలేసేది ఆ తర్వాతి లెక్కను. చెరువు గట్టు నుంచి బంకు దాకా ఆ నూనె ఎందుకు చేరడం లేదో, దుగ్గిరాల, తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు రైతులు ఈ విషయంలో ఏం గమనించాలో చూద్దాం.

క్లుప్తంగా

- నాచు నుంచి ఇంధనం తీయడం సాంకేతికంగా సాధ్యమే. లాభసాటిగా తీయడం ప్రపంచంలో ఎక్కడా పెద్ద ఎత్తున సాధ్యం కాలేదు.
- అసలు ఖర్చు నాచును పెంచడంలో కంటే దాన్ని నీళ్లలోంచి వేరు చేయడంలో, ఆరబెట్టడంలో ఎక్కువ.
- మురుగునీటి శుద్ధితో కలిపి చేస్తే అర్థం ఉంటుంది. అప్పుడు ప్రధాన ఫలితం శుభ్రమైన నీరు, ఇంధనం దాని వెంట వచ్చేది.
- ‘నాచు డీజిల్’ పేరుతో భూమి లీజుకు అడిగినా, పెట్టుబడి పెట్టమన్నా సంతకానికి ముందు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.

డెల్టాలో ఈ ప్రశ్న ఎందుకు?

నాచుకు కావాల్సినవి ఎండ, నీళ్లు, ఎరువు, బొగ్గుపులుసు గాలి. పైకి చూస్తే ఈ ప్రాంతంలో అన్నీ ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే కృష్ణా పశ్చిమ డెల్టా ప్రధాన కాలువ దుగ్గిరాల దగ్గరే శాఖలుగా చీలుతుంది. కొమ్మమూరు కాలువ మొదలయ్యేది ఇక్కడే. కిందికి వెళ్తే రేపల్లె, నిజాంపట్నం వైపు ఉప్పునీటి రొయ్యల చెరువులు ఉన్నాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ కాస్తుంది.

అవసరం కూడా తక్కువేం కాదు. దేశానికి కావాల్సిన ముడి చమురులో దాదాపు 88 శాతం దిగుమతే. పెట్రోలు విషయంలో కొంత ఊరట దొరికింది. చెరకు, బియ్యం, మొక్కజొన్నల నుంచి తీసిన ఇథనాల్‌ను 20 శాతం కలిపే స్థాయికి 2025లో దేశం చేరింది. దేశంలో పెట్రోలు కంటే డీజిల్ వాడకం చాలా ఎక్కువ, ఏడాదికి సుమారు 9 కోట్ల టన్నులు. అందులో 2030 నాటికి 5 శాతం బయోడీజిల్ కలపాలన్నది 2018 జాతీయ జీవ ఇంధన విధానం పెట్టుకున్న లక్ష్యం. ఇప్పటికి కలుస్తున్నది ఒక శాతం లోపే. ఆ లోటు పూడ్చడానికి చూస్తున్న వనరుల్లో నాచు ఒకటి. 2018 విధానంలో దాని పేరు స్పష్టంగా ఉంది.

ఏ నాచు? కాలువలో పెరిగేదేనా?

కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. కాలువను కమ్మేసే గుర్రపుడెక్క, తూటికాడ మొక్కలు. వాటిలో పనికొచ్చేంత నూనె ఉండదు. రాళ్లకు పట్టే పాచి, నీళ్ల మీద తీగల్లా తేలే నాచు కూడా నూనె కోసం పెంచేవి కావు.

ఇంధనం కోసం పెంచేది కంటికి విడిగా కనిపించని సూక్ష్మ నాచు. ఒక్కో జీవి ఒక్కో కణం. కోట్ల సంఖ్యలో చేరినప్పుడు నీళ్లు పచ్చగానో గోధుమ రంగులోనో కనిపిస్తాయి. రొయ్యల రైతులు ‘ప్లాంక్టన్’ అనేది చాలావరకు ఇదే. చెరువు నీటి రంగు చూసి సాగు పరిస్థితి చెప్పే రైతుకు ఈ జీవి కొత్త కాదు. బాపట్ల తీరంలోని రొయ్య పిల్లల హేచరీల్లో అయితే దీన్ని తొట్లలో ప్రత్యేకంగా పెంచుతారు. గుడ్డు నుంచి బయటికొచ్చిన పిల్లకు మొదటి మేత ఇదే.

వేసవిలో మంచినీటి చెరువులు పచ్చబడటానికి కారణం కూడా సూక్ష్మ నాచే. ఎరువులు, మురుగు కలిసిన నీళ్లలో అది పుంజుకుంటుంది. కానీ అలా దానంతటదే పెరిగేది ఏ జాతో చెప్పలేం. నీలి ఆకుపచ్చ రకాల్లో కొన్ని విషాలను కూడా విడుదల చేస్తాయి. ఊరి చెరువులోది తోడి నూనె తీద్దామనుకోవడం కుదరదు.

నూనె ఎలా తీస్తారు?

నాలుగు దశలు ఉంటాయి. మొదట, అడుగు లోతుండే చెరువులో చక్రాలతో నీళ్లు తిప్పుతూ నాచును పెంచుతారు. రెండో దశలో దాన్ని నీళ్లలోంచి వేరు చేస్తారు. మూడోది ఆరబెట్టి, ద్రావకంతో నూనె తీయడం. చివరగా ఆ నూనెకు మిథనాల్, కొద్దిగా క్షారం కలిపి వేడి చేస్తారు. అప్పుడు బయోడీజిల్ పైకి, గ్లిజరిన్ కిందికి విడిపోతాయి.

నాలుగో దశలో కొత్తదనం లేదు. కాకినాడలో యూనివర్సల్ బయోఫ్యూయెల్స్ అనే బయోడీజిల్ ఫ్యాక్టరీ 2008 నుంచి ఉంది. అమెరికాకు చెందిన ఏమెటిస్ సంస్థకు ఇది అనుబంధం. మొదట్లో దాని సామర్థ్యమే ఏడాదికి లక్షన్నర టన్నులు. అంటే నూనె తెచ్చి ఇస్తే డీజిల్‌గా మార్చే ఏర్పాటు రాష్ట్రంలోనే ఉంది. కొరత ఉన్నది చవకైన నూనెకు.

ఎకరాకు ఎంత వస్తుంది?

బాగా నడిచే బహిరంగ చెరువులో చదరపు మీటరుకు రోజుకు సగటున 20 గ్రాముల ఎండు నాచు వస్తే మంచి దిగుబడి కింద లెక్క. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. రోజుకు 81 కిలోలు. వానలు, మరమ్మతులు తీసేసి 300 రోజులు లెక్కేస్తే ఏడాదికి 24 టన్నులు. అందులో పావు వంతు నూనె అనుకుంటే 6 టన్నులు, అంటే సుమారు 6,500 లీటర్లు.

ఇది తక్కువేం కాదు. నూనె పంటల్లో దిగుబడికి పేరున్న ఆయిల్ పామ్ బాగా పండితే ఎకరాకు టన్నున్నర పైచిలుకు నూనె ఇస్తుంది. నాచు దానికి దాదాపు నాలుగింతలు. వరి పండని చవిటి నేలలో, ఉప్పునీళ్లతో కూడా పెరుగుతుంది. శాస్త్రవేత్తలు దీని వెంట పడింది అందుకే.

అయితే ఒక మెలిక ఉంది. నాచులో నూనె పెరగాలంటే దానికి నత్రజని అందకుండా చేయాలి. మేత దొరకని కాలం కోసం అది కొవ్వు దాచుకుంటుంది. కానీ నత్రజని ఆపేస్తే ఎదుగుదల కూడా ఆగుతుంది. త్వరగా పెరిగే నాచులో నూనె తక్కువ, నూనె ఎక్కువున్న నాచు నెమ్మదిగా పెరుగుతుంది. వీడియోల్లో చెప్పే అంకెలు చాలావరకు ఒకచోటి గరిష్ఠ ఎదుగుదలను ఇంకోచోటి గరిష్ఠ నూనె శాతంతో గుణించినవి. ఆ రెండూ ఒకే చెరువులో కలిసి రావడం కష్టం.

మరి చిక్కు ఎక్కడుంది?

నీళ్లలో. చెరువులో నాచు ఎంత దట్టంగా కనిపించినా లీటరు నీటిలో ఉండేది అర గ్రాము స్థాయిలోనే. ఎకరాలో రోజుకు వచ్చే 81 కిలోలు తీయాలంటే 1.62 లక్షల లీటర్ల నీళ్లు వడకట్టాలి. అందులోంచి చివరికి వచ్చే నూనె 22 లీటర్లు. అంటే లీటరు నూనె కోసం 7,000 లీటర్లకు పైగా నీళ్లు తోడి, వడకట్టి, తిరిగి చెరువులోకి పంపాలి. 5,000 లీటర్ల మంచినీళ్ల ట్యాంకర్‌తో పోల్చుకుంటే దాదాపు ఒకటిన్నర ట్యాంకర్లు. కణాలు మరీ చిన్నవి కాబట్టి గుడ్డతోనో వలతోనో ఆగవు. పటిక లాంటిది వేసి అడుగుకు దించాలి, ఆ తర్వాత వేగంగా తిరిగే సెంట్రిఫ్యూజ్‌లో వేయాలి. అన్నిటికీ కరెంటు కావాలి.

ఇంత చేసినా చేతికొచ్చేది ముద్ద. అందులో 20 శాతమే నాచు, మిగతా 80 శాతం నీళ్లు.

దుగ్గిరాల పసుపు రైతుకు ఈ అంకె బాగా తెలిసిందే. పచ్చి పసుపు ఉడకబెట్టి, కళ్లంలో ఆరబెడితే ఐదు క్వింటాళ్లకు సుమారు ఒక క్వింటా ఎండు పసుపు మిగులుతుంది. నాచు ముద్దలోనూ తడి అంతే. తేడా ధరలో ఉంది. 2024లో దుగ్గిరాల యార్డులో పసుపు క్వింటా పది వేలకు పైనే పలికింది. అంటే కిలోకు వంద రూపాయలు దాటింది. ఉడకబెట్టిన ఖర్చు, ఆరబెట్టిన కూలి ఆ ధరలో ఇముడుతాయి. కిలో ఎండు నాచు నుంచి వచ్చే నూనె పావు లీటరుకు కాస్త ఎక్కువ. దాన్ని పన్నులతో కలిపిన బంకు ధరకే అమ్మినా 26, 27 రూపాయలు మించదు. పెంపకం, వడపోత, ఆరబెట్టడం, నూనె తీయడం, శుద్ధి.. అన్నీ ఆ 27 రూపాయల్లోనే పూర్తి కావాలి.

డబ్బు సంగతి పక్కన పెట్టి శక్తి లెక్క చూసినా ఇబ్బందే. కిలో ఎండు నాచు కోసం ముద్దలోంచి 4 కిలోల నీళ్లు ఆవిరి చేయాలి. దానికి పట్టే వేడి సుమారు 2.8 యూనిట్ల కరెంటుతో సమానం. ఆ కిలో నాచు ఇచ్చే నూనెలో ఉన్న శక్తి 2.6 యూనిట్లు. డ్రయ్యర్‌లో ఆరబెడితే వచ్చేదానికంటే పోయేదే ఎక్కువ.

ఎండలో ఆరబెట్టొచ్చు కదా అంటే, పసుపు కళ్లంలో రెండు వారాలున్నా చెడదు. నాచు ముద్ద మన ఎండలకు ఒకటి రెండు రోజుల్లోనే కుళ్లడం మొదలవుతుంది. పలచగా పరవాలంటే బోలెడు స్థలం కావాలి. వానాకాలంలో ఆ దారీ మూసుకుపోతుంది.

ఎరువు, నీళ్ల లెక్క

నాచులో నత్రజని కనీసం 5 శాతం అనుకున్నా, ఏడాదికి 24 టన్నుల నాచులోకి 1.2 టన్నుల నత్రజని పోతుంది. యూరియాలో చెప్పాలంటే ఎకరాకు దాదాపు 60 బస్తాలు. సీజన్‌లో రెండు మూడు బస్తాల యూరియా కోసమే సొసైటీల ముందు బారులు తీరే చోట ఇది చిన్న సంగతి కాదు. పైగా ఆ యూరియా తయారీకి సహజవాయువు కావాలి, దాన్ని కూడా చాలావరకు దిగుమతి చేసుకుంటున్నాం.

బొగ్గుపులుసు గాలి కూడా బయటి నుంచి అందించాలి. కిలో నాచుకు సుమారు 1.8 కిలోలు పడుతుంది. అందుకే ఇలాంటి ప్రయోగాలు ఎక్కువగా విద్యుత్ కేంద్రాలు, రిఫైనరీల పక్కన జరుగుతాయి.

ఇక చెరువులో రోజుకు 5 మిల్లీమీటర్ల నీళ్లు ఆవిరైతే ఎకరాకు 20,000 లీటర్లు మళ్లీ నింపాలి. ఉప్పునీటి చెరువైనా ఆవిరైన మేరకు మంచినీళ్లే పోయాలి. లేకపోతే ఉప్పు శాతం పెరిగిపోతుంది. మే నెలలో తాగునీటికే కాలువల వైపు చూసే ఊళ్లలో ఈ నీళ్లెక్కడివన్నది మొదటి ప్రశ్న అవుతుంది.

తెగుళ్లు వేరే. బహిరంగ చెరువులోకి వేరే రకం నాచు చేరొచ్చు. నాచును తినే సూక్ష్మ జీవులు పడితే రెండు మూడు రోజుల్లో చెరువు రంగే మారిపోతుంది. ఒక్క రాత్రిలో నీళ్లు తేటబడిపోవడం చూసిన రొయ్యల రైతుకు ఇది వివరించక్కర్లేదు.

ఎవరూ ప్రయత్నించలేదా?

డబ్బున్నవాళ్లు, బుర్రున్నవాళ్లు గట్టిగానే ప్రయత్నించారు. చమురు సంక్షోభం తర్వాత అమెరికా ఇంధన శాఖ 1978లో ఒక పరిశోధన కార్యక్రమం మొదలుపెట్టింది. దాదాపు 3,000 రకాల నాచు సేకరించి, న్యూమెక్సికోలోని రాస్‌వెల్ దగ్గర ఒక్కోటి వెయ్యి చదరపు మీటర్ల చెరువుల్లో పెంచి చూశారు. సుమారు 2.5 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక, 1996లో ఆపేశారు. నూనె వస్తుంది కానీ పెట్రోలియంతో ధరలో పోటీ పడలేదన్నది వాళ్లు తేల్చిన సంగతి.

చమురు దిగ్గజం ఎక్సాన్ మొబిల్ 2009లో మళ్లీ దిగింది. జన్యు శాస్త్రవేత్త క్రెయిగ్ వెంటర్ స్థాపించిన సింథటిక్ జీనోమిక్స్‌తో కలిసి 60 కోట్ల డాలర్ల దాకా పెడతామని ప్రకటించింది. జన్యువులో మార్పులతో ఒక రకం నాచులో నూనెను 20 శాతం నుంచి 40 శాతానికి పెంచగలిగారు. 2025 నాటికి రోజుకు 10,000 బ్యారెళ్ల సామర్థ్యం సాధిస్తామన్నారు. ఆ గడువు రాకముందే ఆ సంస్థ తప్పుకొన్నట్లు 2023 మొదట్లో వార్తలొచ్చాయి. నాచు నూనెతో పేరు తెచ్చుకున్న అమెరికా కంపెనీ సొలజైమ్ ఇంధనం వదిలి ఆహార పదార్థాల వైపు మళ్లింది. 2016లో టెర్రావియాగా పేరు మార్చుకుని, 2017లో దివాలా తీసింది.

మన దేశంలో రిలయన్స్ 2015లో అల్జెనాల్ అనే అమెరికా సంస్థతో కలిసి జామ్‌నగర్ రిఫైనరీ దగ్గర ప్రదర్శన యూనిట్ పెట్టింది. జపాన్‌లో యూగ్లీనా కంపెనీ నాచు నూనెను వాడిన వంట నూనెతో కలిపి చేసిన ఇంధనంతో 2021లో విమానం నడిపింది. పరిశోధన ఆగిపోలేదు. కానీ నాచు డీజిల్ మామూలు ధరకు దొరికే బంకు మాత్రం ఎక్కడా రాలేదు.

డెల్టా అంతా చెరువులైతే?

దేశ డీజిల్‌లో 5 శాతం, అంటే 45 లక్షల టన్నులు నాచు నుంచే రావాలనుకుందాం. ఎకరాకు 6 టన్నుల చొప్పున 7.5 లక్షల ఎకరాలు కావాలి. కృష్ణా పశ్చిమ డెల్టా ఆయకట్టు మొత్తం సుమారు 5.7 లక్షల ఎకరాలు. అది చాలక తూర్పు డెల్టాలోనూ కొంత తవ్వాల్సి వస్తుంది, అదీ 5 శాతం కోసం. చవిటి నేలల్లో, తీరంలో అయితే సాగు నష్టం ఉండదు. కానీ అంత విస్తీర్ణంలో చెరువులు, పంపులు, సెంట్రిఫ్యూజ్‌ల పెట్టుబడి ఎవరు పెడతారన్నది తేలని ప్రశ్న.

ఇలాంటి ఆశ మనకు కొత్త కాదు. 2003 తర్వాత జత్రోఫా, కానుగ మొక్కలు నాటితే బంజరు భూముల్లో డీజిల్ పండుతుందన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ నాటించారు. 2017 నాటికి 20 శాతం బయోడీజిల్ అని 2009 విధానం చెప్పింది. నీళ్లూ ఎరువూ లేని బంజరులో చెప్పినంత దిగుబడి రాలేదు, కొనేవాళ్లు సరిగా లేరు. మొక్కలు నాటిన రైతే చివరికి నష్టపోయాడు. నాచు విషయంలో ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

పనికొచ్చే దారి ఉందా?

ఉంది. ఎరువూ నీళ్లూ కొనక్కర్లేని చోట నాచు పెంచాలి. అలాంటి చోటు మురుగునీరు.

తెనాలినే తీసుకుందాం. 2011 లెక్కల్లో పట్టణ జనాభా సుమారు 1.65 లక్షలు. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు ఇస్తే అందులో 80 శాతం మురుగుగా తిరిగొస్తుందని పట్టణ ప్రణాళికల్లో లెక్కేస్తారు. ఆ ప్రకారం రోజుకు 1.78 కోట్ల లీటర్లు. లీటరుకు 40 మిల్లీగ్రాముల నత్రజని అనుకుంటే రోజుకు 700 కిలోల పైమాట. అంటే రోజూ 34 బస్తాల యూరియాకు సమానమైన ఎరువు డ్రెయిన్ల పాలవుతున్నట్టు.

ఆ నత్రజని సుమారు 200 ఎకరాల నాచు చెరువులకు సరిపోతుంది. మురుగులో పెరిగే నాచులో నూనె తక్కువ కాబట్టి పైన వేసిన లెక్కలో సగమే వస్తుందనుకున్నా రోజుకు 2,000 లీటర్ల పైచిలుకు. 12,000 లీటర్ల ట్యాంకర్ ఒకటి నిండడానికి ఐదారు రోజులు పడుతుంది. రాజధాని ప్రాంతానికి దగ్గరగా 200 ఎకరాలు పెట్టి ఐదారు రోజులకో ట్యాంకర్ డీజిల్ అంటే గిట్టదు. కానీ అదే పనిలో 1.78 కోట్ల లీటర్ల మురుగు శుద్ధి అవుతుంది. మురుగు శుద్ధి ఎటూ మున్సిపాలిటీ చేయాల్సిన పని, ఎటూ పెట్టాల్సిన ఖర్చు. నాచు ఆ ఖర్చులో కొంత తిరిగి తెస్తుంది. అలా చూసినప్పుడే లెక్క కుదురుతుంది.

ఇది ఊహ కాదు. కాలిఫోర్నియాలో విలియం ఆస్వాల్డ్ 1950ల నుంచే మురుగు చెరువుల్లో నాచుతో శుద్ధి చేసి చూపారు. నాచు పగలంతా ఆక్సిజన్ విడుదల చేస్తుంది, ఆ ఆక్సిజన్‌తో బ్యాక్టీరియా మురుగును తినేస్తుంది. గాలి కొట్టే మోటార్ల కరెంటు ఆ మేరకు మిగులుతుంది. స్పెయిన్‌లోని చిక్లానా పట్టణంలో ఐరోపా సమాఖ్య సాయంతో 2011లో మొదలైన ప్రాజెక్టులో మురుగులో పెంచిన నాచును బయోగ్యాస్‌గా మార్చి కార్లు నడిపారు.

ఇక్కడ గమనించాల్సింది బయోగ్యాస్ అన్న మాట. గోబర్ గ్యాస్ తొట్టిలో పేడ వేసినట్టే నాచు ముద్దను తడిగానే వేయొచ్చు. ఆరబెట్టే పనే లేదు. తడి నాచును అధిక పీడనంలో 300 నుంచి 350 డిగ్రీల వేడికి గురిచేసి నేరుగా ముడి చమురు లాంటి ద్రవంగా మార్చే పద్ధతి కూడా ఉంది. అందులో నీళ్లు అడ్డం కావు. అయితే అలాంటి యంత్రాలు ఖరీదైనవి, ఊరి స్థాయిలో పెట్టేవి కావు.

మన రాష్ట్రాల్లో ఏం జరుగుతోంది?

హైదరాబాద్‌లోని ఐఐసీటీలో మురుగు నుంచి ఇంధనం, ఇతర ఉత్పత్తులు తీయడంపై, నాచుపై ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. ఈ రంగంలో పనిచేసిన అక్కడి శాస్త్రవేత్త ఎస్.వెంకట మోహన్‌కు 2014లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో పెట్టుబడి మాత్రం వేరే వైపు సాగుతోంది. 2024 అక్టోబరులో వచ్చిన సమగ్ర క్లీన్ ఎనర్జీ విధానం తర్వాత, 500 కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంట్లు పెట్టేందుకు రిలయన్స్ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెట్టుబడి అంచనా 65 వేల కోట్ల రూపాయలు. మొదటి దానికి 2025 ఏప్రిల్ 2న ప్రకాశం జిల్లా కనిగిరి దగ్గర దివాకరపల్లిలో శంకుస్థాపన జరిగింది. అక్కడ ముడిసరుకు నేపియర్ గడ్డి. గడ్డిని కోసి బండికెత్తొచ్చు, లీటరుకు అర గ్రాము చొప్పున నీళ్లలోంచి ఏరక్కర్లేదు.

ఎవరైనా వచ్చి భూమి అడిగితే?

నాచు పెంపకంలో డబ్బే లేదని కాదు. మందుల దుకాణాల్లో దొరికే స్పిరులినా కూడా ఆ జాతిదే. దాని పొడి కిలో వందల రూపాయల్లో ఉంటుంది. హేచరీ మేతకూ మంచి ధర ఉంది. గిట్టనిది ఇంధనం కోసం పెంచడమే. కాబట్టి ‘నాచు డీజిల్’ పేరుతో లీజు, బైబ్యాక్, భాగస్వామ్యం అంటూ ఎవరైనా వస్తే ఈ ప్రశ్నలు అడగండి.

1. నూనె కొనేదెవరు? చమురు కంపెనీతోనో బయోడీజిల్ ఫ్యాక్టరీతోనో రాతపూర్వక ఒప్పందం ఉందా? ధర ఎంత?
2. ఇప్పటికే ఏడాది పొడవునా నడిచిన చెరువు ఎక్కడుంది? వెళ్లి చూడొచ్చా? చూపించే దిగుబడి ఏడాది సగటా, ఒక వారం లెక్కా?
3. నీళ్లలోంచి నాచును ఎలా తీస్తారు, ఎలా ఆరబెడతారు? నెలకు కరెంటు బిల్లు ఎంత?
4. ఎరువు, నీళ్లు ఎక్కడి నుంచి? ఖర్చు ఎవరిది?
5. విత్తన నాచు, యంత్రాలు మనమే ముందుగా కొనాలా? వాళ్ల ఆదాయం నూనె అమ్మకం నుంచి కాక మనకు అమ్మే సరుకు నుంచి వస్తుంటే అనుమానించాల్సిందే.
6. పొలాన్ని చెరువుగా మార్చే అనుమతి ఎవరు తెస్తారు? లీజు ముగిశాక చెరువు పూడ్చి, ఉప్పు వదిలించి ఇచ్చే బాధ్యత ఎవరిది?

చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. ఉప్పునీళ్లు నిలబెట్టిన పొలం మళ్లీ వరికి రావడానికి ఏళ్లు పడుతుంది. పక్క పొలానికీ ఉప్పు ఊటెత్తుతుంది. చెరువు అనుమతుల సంగతి మత్స్యశాఖలో, రెవెన్యూ కార్యాలయంలో తెలుసుకోవాలి. జీవ ఇంధన ప్రాజెక్టు నిజమైనదో కాదో నెడ్‌క్యాప్ కార్యాలయంలో కనుక్కోవచ్చు.

ఇప్పటికిప్పుడు చేయగలిగింది

బయోడీజిల్‌కు కావాల్సిన నూనె మన చుట్టూనే కొంత వృథా అవుతోంది. బజ్జీల బండి, హోటల్, స్వీట్ల దుకాణాల్లో వాడేసిన నూనె అది. నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వంటకు వాడకూడదన్న నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. వేపుళ్లకు రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే వ్యాపారులు దాని లెక్కలు రాసి ఉంచాలి. వాడిన నూనెను సేకరించి బయోడీజిల్ తయారీదారులకు చేర్చేందుకు ఆహార భద్రతా సంస్థ 2018 ఆగస్టులోనే ‘రూకో’ పేరుతో కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ నూనెను కాలువలో పోయకుండా, చిన్న దుకాణాలకు మళ్లీ అమ్మకుండా అధీకృత సేకరణదారుకు ఇస్తే ఆరోగ్యానికీ, ఇంధనానికీ మేలు. అది ఎండబెట్టాల్సిన పని లేని నూనె.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ‘బయోడీజిల్’ బోర్డుతో చవగ్గా అమ్మేదంతా బయోడీజిల్ కాదు. వంద శాతం బయోడీజిల్‌కు ఐఎస్ 15607 అనే ప్రమాణం ఉంది. అమ్మడానికి అనుమతి కావాలి. మామూలు డీజిల్ ప్రమాణం 7 శాతం వరకు కలపడానికి ఒప్పుకుంటుంది. బిల్లు ఇవ్వని చోట, ప్రమాణం చూపని చోట కొంటే ఇంజన్ దెబ్బతిన్నప్పుడు అడిగే దిక్కుండదు.

నాచు నూనెను ఎవరూ కొట్టిపారేయక్కర్లేదు. వడకట్టే ఖర్చు పడిపోయిన రోజున, పట్టణాల మురుగు శుద్ధి దానితో ముడిపడిన రోజున లెక్క మారుతుంది. అప్పటిదాకా అది మున్సిపాలిటీలు, పరిశోధన సంస్థలు, పెద్ద కంపెనీలు తమ డబ్బుతో చేసి చూడాల్సిన ప్రయోగం. ఎకరం, రెండెకరాల రైతు తన పొలం పణంగా పెట్టి చేయాల్సింది కాదు.